కీమోలో ఉన్న మా బాబు నాలుగు ముద్దలు కూడా తినడం లేదు. ఏం పెట్టాలి, ఎట్టా పెట్టాలి?

బుచ్చి అమ్మ (బుచ్చిరెడ్డిపాలెం)

అందరికీ నమస్కారం. మాది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర పల్లె. మా బాబుకి 6 ఏళ్ళు. సంక్రాంతి అయిన పది రోజులకి జ్వరం వచ్చింది. తగ్గేది, మళ్ళీ వచ్చేది. కాళ్ళు నొప్పులని ఏడిస్తే ఆడుకుని అలిసిపోయాడులే అనుకున్నాం. నెల్లూరులో రక్త పరీక్ష చేసి ఆ రాత్రికే చెన్నై తీసుకెళ్ళమన్నారు. బ్లడ్ క్యాన్సర్. ఏ.ఎల్.ఎల్. అంటారు. పిల్లలకి ఎక్కువగా వచ్చేది ఇదేనని, నయమయ్యే అవకాశం బాగా ఉందని, కానీ రెండేళ్ళ పైన మందులు వాడాలని డాక్టర్ గారు కూర్చోబెట్టి చెప్పారు.

జబ్బు గురించి నేను అడగడం లేదు, దానికి డాక్టర్లు ఉన్నారు. నా బాధంతా అన్నం గురించి.

మొదటి నెల స్టెరాయిడ్ మాత్రలు వేసినన్ని రోజులు వాడి ఆకలికి అంతు లేదు. రాత్రి 2 గంటలకి లేపి దోసె పొయ్యమనేవాడు. 19 కిలోల పిల్లాడు 21 అయ్యాడు. బుగ్గలు పొంగాయి. మా అత్తమ్మ దిష్టి కూడా తీసింది. ఆ మాత్రలు ఆపాక మెల్లగా తిండి తగ్గించేశాడు. ఇప్పుడు ఆసుపత్రిలో చేర్చుకుని 24 గంటలు ఎక్కించే మందు మొదలుపెట్టారు, మెథోట్రెక్సేట్ అని. మొదటి డోసు అయి ఇంటికొచ్చిన మూడో రోజు నుంచి నోరంతా పూసింది. నీళ్ళు మింగాలన్నా ఏడుపే. పోయిన సోమవారం చూస్తే బరువు 17 కిలోల 100 గ్రాములు.

ఇంటికి పంపేటప్పుడు తినాల్సినవి రాసి ఒక కాగితం ఇచ్చారు. ఒకవైపు తమిళం, ఇంకోవైపు ఇంగ్లీషు. మా ఆయన కూడబలుక్కుని చదివితే ఓట్స్, బ్రకోలీ, సూపు అని ఉంది. మా పొయ్యి మీద ఉడికేవి ఒక్కటీ లేవు అందులో.

మొన్న ఆదివారం ఒక తప్పు చేశాను. ముక్కు మూసి ముద్ద మింగించాను. తిన్న రెండు ముద్దలతో పాటు పొద్దున తాగిన పాలు కూడా కక్కేశాడు. తర్వాత నేను ఎంత బతిమాలినా నోరు తెరవలేదు, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిన్న కిటికీ అవతల కాకులు చేరుతున్నాయి ఏందా అని చూస్తే, నేను పెట్టిన ఇడ్లీ ముక్కలన్నీ అక్కడున్నాయి. తిన్నాను అని నాకు చెప్పినవన్నీ.

వచ్చే పోయే చుట్టాలు ఒక్కొక్కరు ఒక్కో మాట. చక్కెర పెడితే క్యాన్సర్ పెరుగుతుందంట. గుడ్డు వేడంట. పాలు మాన్పించమని ఒకరు, మేక నెత్తురు వేయించి పెడితే రక్తం పడుతుందని ఇంకొకరు. వాడేమో నోరు అంత పుండైనా చేపల పులుసు కావాలంటున్నాడు. పెట్టొచ్చా? పెరుగు పెట్టొచ్చా? ఇంకొకటి, వచ్చే నెల నెల్లూరులో రొట్టెల పండగ. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మనవడి చేత ఆరోగ్య రొట్టె పట్టిస్తానని అత్తమ్మ మొక్కుకుంది. తీసుకెళ్ళొచ్చా?

ఈ దారిలో నడిచినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.


కావలి అక్క

అమ్మా, ముందు ఆ ఆదివారం సంగతి మనసులోంచి తీసెయ్యి. నేనూ చేశాను అది. మా పాపకి కడుపులో గడ్డ, ఇప్పుడు ఆపరేషన్ అయి కీమో నడుస్తోంది. నువ్వు ముద్ద పట్టుకుని వస్తుంటేనే పిల్లాడికి భయం పుడుతుంది. నాలుగు రోజులు వాడి చేతికే గిన్నె ఇచ్చి నువ్వు పక్కన కూర్చుని నీ అన్నం నువ్వు తిను. ఎంత తిన్నావని అడగొద్దు. గిన్నె చూస్తే తెలుస్తుంది కదా.

మా పాప ఏది పెట్టినా ఇనుప ముక్క నాకినట్టు ఉందనేది. మందుల వల్ల నాలుక అట్టా అవుతుందంట. స్టీలు చెమ్చా మానేసి ప్లాస్టిక్ చెమ్చా, పింగాణీ గిన్నె పెట్టాను. కొంచెం మారింది. మటన్, కోడి మాంసం ముట్టేది కాదు కాబట్టి పప్పు, గుడ్డు, పాలతో నడిపించాను.

పెరుగు సంగతి మీ డాక్టర్‌నే అడుగు. మాకు కాచిన పాలతో ఇంట్లో తోడేసిన పెరుగు పెట్టొచ్చన్నారు. పక్క మంచం వాళ్ళకి వేరే ఆసుపత్రిలో కౌంట్స్ (రక్తంలో తెల్లకణాల లెక్క) తక్కువగా ఉన్నన్ని రోజులు వద్దన్నారంట.


టంగుటూరు టిఫిన్

చెల్లెమ్మా, మాది టంగుటూరు. హైవే పక్కన టిఫిన్ కొట్టు. మా పాపకి అయిదో ఏట ఇదే జబ్బు వచ్చింది. మందులన్నీ అయిపోయి ఇప్పుడు ఏడో తరగతి చదువుతోంది. ఊరంతటికీ పొద్దున్నే టిఫిన్ పెట్టేవాడిని, నా బిడ్డకి ఒక్క ఇడ్లీ తినిపించలేక కొట్టు వెనక కూర్చుని ఏడ్చాను. నువ్వు రాసింది చదివి అందుకే ఇంత రాస్తున్నా.

నాకు అర్థం కావడానికి ఆర్నెల్లు పట్టిన మాట ముందే చెప్తాను. పిల్లాడు ఏం తింటాడని ఆలోచించడం మానేసి, ఇవాళ మందు ఎక్కి ఎన్నో రోజు అని చూసి వండు. పిండి కొట్టు వాళ్ళిచ్చిన పెద్ద క్యాలెండర్ వంటింట్లో తగిలించాను. మందు ఎక్కిన రోజు దగ్గర సున్నా చుట్టేవాడిని. రెండు సార్లు అయ్యేసరికి ఒక వరస కనపడింది. మొదటి రెండు మూడు రోజులు వాంతులు. అయిదో రోజు అటు ఇటుగా నోరు పొక్కేది. వారం నుంచి రెండు వారాల మధ్య కౌంట్స్ కిందికి పోయేవి. ఆ తర్వాత మళ్ళీ మందు ఎక్కేలోపు కొన్ని రోజులు మంచి ఆకలి. క్యాలెండర్ గళ్ళల్లో వాం, నో, కౌం, ఆ అని రాసుకున్నాను. మీ మందుల వరస వేరు కాబట్టి మీ డాక్టర్‌ని అడిగి మీ క్యాలెండర్ మీరే రాసుకోవాలి. కానీ రాసుకో. అది లేకపోతే వాంతుల రోజు మంచి కూర వండి పిల్లాడు తినలేదని ఏడుస్తాం, ఆకలి రోజున భయపడి జావ పోస్తాం. నేను రెండూ చేశాను.

వాంతుల రోజుల్లో వాసనే శత్రువు. మా ఇల్లు కొట్టు వెనకే. ఆవాలు చిటపటలాడి కరివేపాకు పడిందంటే చాలు, పాప వాంతి చేసుకునేది. తాలింపు పెట్టుకుని బతికేవాడి బిడ్డ తాలింపు వాసనకే విలవిల్లాడుతుంటే ఎట్టా ఉంటుందో చెప్పలేను. చివరికి తాలింపు పొయ్యిని కొట్టు ముందుకి, రోడ్డు వైపుకి మార్చాను. ఆ రోజుల్లో వేడివేడిగా పెట్టొద్దు, వేడికి వాసన లేస్తుంది. అప్పుడే వండి గోరువెచ్చగా చల్లారనిచ్చి వెంటనే పెట్టు. ఉత్త ఇడ్లీ, వేయించిన బొరుగులు, బిస్కెట్టు, పల్చటి గంజి. గంట గంటన్నరకి రెండు చెంచాలైనా చాలు. వాంతి మాత్ర ఎప్పుడు వెయ్యాలో అడుగు, మాకు తినడానికి అరగంట ముందు వెయ్యమన్నారు. వాంతి అయ్యాక వేస్తే మాత్ర కూడా బయటికొస్తుంది.

వాడికి బాగా ఇష్టమైనవి ఆ రోజుల్లో అసలు పెట్టొద్దు. మా పాపకి పూరీ అంటే ప్రాణం. కీమో ఎక్కే రోజు మురిపెంగా నాలుగు పూరీలు కట్టుకుపోయాను. ఆ సాయంత్రం అంతా వాంతులు. ఇప్పటికీ పూరీ ముట్టదు. ఆ వాంతిని ఆ తిండితో ముడేసి గుర్తుపెట్టుకుంటారంట పిల్లలు. అందుకని చేపల పులుసు జాగ్రత్తగా దాచిపెట్టు. నోరు పుండుగా ఉండగా చింతపండు, కారం తగిలితే మంట పుట్టి దానిమీదే విరక్తి వస్తుంది. నోరు మానాక, ఆకలి రోజున, ముళ్ళు తీసి, పులుపు తగ్గించి, అప్పుడే వండింది పెట్టు. నెల్లూరు పులుసు మర్నాటికి రుచి అంటారు కదా, ఆ మర్నాటి పులుసు మాత్రం మీరు తినండి, వాడికి వద్దు.

నోరు పూసిన రోజులకి నేను కనిపెట్టింది ఒకటుంది. కాచి చల్లార్చిన పాలు ఒక గ్లాసు, ఒక గుడ్డు, కొంచెం చక్కెర గిలక్కొట్టి వడగట్టి, గిన్నెలో పోసి మూతపెట్టి ఇడ్లీ పాత్రలో ఆవిరికి ఉడికించు. జున్నులాగా గట్టిపడేదాకా ఉడకాలి, మధ్యలో చెంచా గుచ్చితే పచ్చిగా అంటకూడదు. చల్లారాక నాలుక మీద పెడితే జారిపోతుంది. గుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, గ్లాసు పాలల్లో ఇంకో 8. మా పాప పది రోజులు దానిమీదే బతికింది. ఇంకా సగ్గుబియ్యం పాలల్లో మెత్తగా ఉడికించి, పెసరపప్పు కట్టు నెయ్యేసి, బాగా మెదిపిన అరటిపండు, పల్చటి రాగి జావ. టమాటా, నిమ్మకాయ, గోంగూర, కారప్పొడి వాసన కూడా రానివ్వొద్దు. స్ట్రా ఇస్తే పుండు తగలకుండా తాగుతారు. నోటికి నొప్పి మందు రాసిచ్చుంటే తినే ముందు వెయ్యి. ఆసుపత్రి వాళ్ళు చెప్పిన ఉప్పు, వంట సోడా కలిపిన నీళ్ళతో తినకముందు, తిన్నాక పుక్కిలించనివ్వు. బ్రష్ మెత్తటిది.

కౌంట్స్ తగ్గిన రోజుల్లో నా కొట్టులోది కూడా నా బిడ్డకి పెట్టలేదు. నా ఇడ్లీల మీద నాకు నమ్మకం లేక కాదు. పొద్దున 5 గంటలకి రుబ్బిన చట్నీ 8 గంటల దాకా బయట ఉంటుంది, పది చేతులు తగులుతాయి. పాపకి వేరే గిన్నెలు, వేరే గరిటె, వేరే నీళ్ళు. క్యాను నీళ్ళయినా మరగకాచి చల్లార్చినవే. చద్దన్నం, పెరుగు పచ్చళ్ళు, పచ్చి ఉల్లిపాయ, రోడ్డు మీద కోసిన పుచ్చకాయ, ముంజలు అన్నీ బంద్. పళ్ళు తొక్క వొలిచేవి మాత్రమే, అదీ కడిగి మన చేత్తో ఇంట్లో వొలిచి. అరటి, బత్తాయి, దానిమ్మ, ఇప్పుడు మామిడి. గుడ్డు పచ్చసొన గట్టిపడేదాకా ఉడకాలి. వండింది గంటలోపు తినకపోతే పారెయ్యాల్సి వచ్చేది. మొదట్లో మనసొప్పేది కాదు. ముద్ద పారేస్తే తప్పని మా నాయన నేర్పాడు మాకు.

ఇక ఆకలి రోజులు. చెల్లెమ్మా, ఇవి దొరికేవి తక్కువ, వదులుకోకూడదు. పోయిన బరువు ఈ రోజుల్లోనే తిరిగి రావాలి. అన్నం ఎక్కువ పెట్టలేం, వాడి పొట్ట చిన్నది. పెట్టిన కొంచెంలోనే బలం ఎక్కించాలి. పప్పన్నంలో చెంచా నెయ్యి వేస్తే 45 క్యాలరీలు కలిసినట్టు, పిల్లాడికి తెలియను కూడా తెలియదు. దోసె పిండిలో గుడ్డు కొట్టి వేసేవాడిని. వేరుశనగపప్పు, పుట్నాలు దోరగా వేయించి బెల్లంతో పొడి కొట్టి పాలల్లో, జావలో, అట్టు మీద చల్లేవాడిని. డబ్బా పౌడర్లు కొనలేక ఇది చేశాను. డైట్ మేడమ్ చూసి ఇదే బాగుందన్నారు. చేప, రొయ్య బాగా ఉడికించి పెట్టు. సముద్రం పక్కన ఉన్నవాళ్ళం, మనకి దొరకనిదా.

స్టెరాయిడ్ మాత్రలు మళ్ళీ వస్తాయి, ఇంకో దశలో. అప్పుడు 2 గంటలకి లేపితే కసురుకోవద్దు, ఆ ఆకలి వాడి చేతిలో లేదు. కాకపోతే ఆవకాయ, ఎండుచేప, చిప్సు మీదికి మనసు పోతుంది. ఉప్పు తగ్గించు, వొంట్లో నీరు పట్టి బీపీ పెరుగుతుంది. దోసె అడిగితే పొయ్యి, కానీ ఉత్త దోసె బదులు పెసరట్టు పొయ్యి. దాహం విపరీతంగా ఉండి ఊరికే ఉచ్చకి పోతుంటే షుగర్ చూడమని అడుగు.

ఖర్చులకి ఒక మాట. రైల్లో క్యాన్సర్ రోగికి, తోడు వెళ్ళేవాళ్ళకి టికెట్ రాయితీ ఉంది. డాక్టర్ సంతకంతో ఫారం ఇస్తారు, అడిగి తీసుకోండి. ఆ మిగిలిన డబ్బుతో గుడ్లు కొనండి.


శ్రేయోభిలాషి (ఒంగోలు)

బొప్పాయి ఆకు రసం రోజూ ఇవ్వండి, ప్లేట్‌లెట్స్ లేస్తాయి. గోధుమగడ్డి రసం కూడా రక్తానికి మంచిది. మా బావగారికి డెంగీ వచ్చినప్పుడు ఇదే ఇచ్చాం. పాలు, చక్కెర మాత్రం పూర్తిగా మాన్పించండి, క్యాన్సర్ కణం చక్కెర మీదే బతుకుతుంది.


పిల్లల వార్డు నర్సు (నెల్లూరు)

ఒంగోలు అన్నగారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. కానీ డెంగీ వచ్చిన పెద్దవాళ్ళ సంగతి వేరు, కీమోలో ఉన్న ఆరేళ్ళ పిల్లాడి సంగతి వేరు. పచ్చి ఆకు రసంలో ఉన్న క్రిములని తట్టుకునే తెల్లకణాలు ఆ రోజుల్లో వాడికి ఉండవు. ఏ ఆకు, ఏ నాటు మందు ఏ కీమో మందుతో ఎట్టా కలుస్తుందో మనకి తెలియదు. లివర్ మీద భారం పడితే కీమోనే ఆపాల్సి వస్తుంది. చక్కెర సంగతి: మన వొంట్లో ప్రతి కణమూ చక్కెర వాడుకుంటుంది. మనం మాన్పిస్తే క్యాన్సర్ మాడదు, పిల్లాడు మాడతాడు. కండ కరిగించుకుని వొళ్ళే చక్కెర తయారుచేసుకుంటుంది. ఊరికే మిఠాయిలు పెట్టమని కాదు, పాలల్లో చెంచా చక్కెరకి భయపడొద్దని.

అమ్మా, టంగుటూరు అన్న చెప్పినవి బాగున్నాయి. నేను వార్డులో చూసినవి కొన్ని కలుపుతాను.

బరువు ఒక్కటే నమ్మొద్దు. స్టెరాయిడ్ నెలలో పెరిగిన 2 కిలోలు నీరు, కొవ్వు. ఆ లోపలే కండ తగ్గి ఉంటుంది. కావలి అక్క పాప లాగా కడుపులో గడ్డ ఉన్న పిల్లల్లో గడ్డ బరువు కూడా కాటాలో కలుస్తుంది. అందుకని మేము జబ్బ చుట్టుకొలత చూస్తాం. అంగన్‌వాడీలో ఎరుపు, పసుపు, పచ్చ రంగుల టేపు ఉంటుంది కదా, అదే. ఆ రంగులు అయిదేళ్ళ లోపు పిల్లలకి పెట్టినవి, 11.5 సెంటీమీటర్ల లోపు అయితే ఎరుపు. మీ బాబుకి ఆరేళ్ళు కాబట్టి రంగు చూడొద్దు, అంకె రాసుకోండి. రెండు వారాలకొకసారి, ఒకే చేతికి, ఒకే మనిషి చేత కొలిపించండి. తగ్గుతూ పోతుంటే డాక్టర్‌కి ఆ అంకెలు చూపించండి.

21 నుంచి 17.1 అంటే చిన్న తగ్గుదల కాదు. సోమవారం దాకా ఆగొద్దు, రేపే ఫోన్ చేయండి. నోటితో సరిపోకపోతే ముక్కు ద్వారా సన్నటి ట్యూబు వేస్తామంటారు. ట్యూబు అనగానే తల్లులు ఇక అయిపోయిందని ఏడుస్తారు. అట్టా అనుకోవద్దు. నోరు మానేదాకా కడుపుకి ఇంకో దారి, అంతే. ఆహారం సరిగ్గా అందని పిల్లలకి ఇన్ఫెక్షన్లు ఎక్కువ, కీమో వాయిదాలు ఎక్కువ. తిండి కూడా వైద్యంలో భాగమే, అది అందట్లేదని చెప్పడానికి మొహమాటపడకండి.

ఇంకొకటి మన ఊళ్ళల్లో జరిగేది. విన్‌క్రిస్టిన్ అనే మందుకి మలబద్ధకం వస్తుంది. అప్పుడు నాయనమ్మలు తమలపాకు తొడిమ ఆముదంలో ముంచి పెడతారు, సబ్బు ముక్క పెడతారు. వద్దు. కౌంట్స్ తక్కువగా ఉన్న బిడ్డకి ఆ దారిలో ఏదీ పెట్టకూడదు, ఎనిమా కూడా. సన్న గీత పడినా క్రిములు రక్తంలోకి పోతాయి. మూడు రోజులు మోషన్ కాకపోతే చెప్పండి, తాగే మందు ఇస్తారు.

ఎర్ర టానిక్కులు, బి కాంప్లెక్స్, ఐరన్ అడగకుండా పొయ్యొద్దు. మీ బాబుకి ఎక్కిస్తున్న మెథోట్రెక్సేట్ పనిచేసేదే ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడి. మనం సీసాతో అదే పోస్తే ఎట్టా? రక్తం ఎక్కించిన పిల్లలకి ఆ రక్తంతోనే ఐరన్ వచ్చేస్తుంది, మేక నెత్తురు కూడా అందుకే అక్కర్లేదు. మధ్యలో ఆస్పరాజినేజ్ ఇంజెక్షన్ వచ్చినప్పుడు కడుపులో గట్టిగా నొప్పి, వీపులోకి పాకి, వాంతులతో వస్తే అజీర్తి అనుకుని వాము నీళ్ళు ఇస్తూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి పోవాలి. జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రయినా అంతే. మీరే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు.

రొట్టెల పండగకి బాబుని పంపొద్దమ్మా. అంత జనంలో, చెరువు నీళ్ళల్లో వద్దు. అత్తమ్మగారినే వెళ్ళి మనవడి పేరున ఆరోగ్య రొట్టె పట్టుకోమనండి. ఆ రొట్టె మీరు పెద్దవాళ్ళు తినండి. మా వార్డులో చాలామంది అట్టాగే చేస్తారు.


బుచ్చి అమ్మ (బుచ్చిరెడ్డిపాలెం)

మూడు వారాలకి రాస్తున్నాను, మన్నించండి. నర్సమ్మా, మీరు రాసిన మర్నాడే ఫోన్ చేశాను. వెంటనే రమ్మన్నారు. చేర్చుకుని ట్యూబు వేశారు. వేసేటప్పుడు నేను బయటికొచ్చేశాను, చూడలేకపోయాను. 9 రోజులు ఉంది. మొదటి రెండు రోజులు పీకేస్తానన్నాడు. తర్వాత వాడే పక్క మంచం పాపకి చెప్తున్నాడు, దీంట్లోంచి పాలు పోతే నోరు మండదు అని. ఆ 9 రోజులు నేను ముద్ద పట్టుకుని వెంటపడలేదు. మా ఇద్దరికీ మధ్య అన్నం గొడవ లేని రోజులు అవే. కథలు చెప్పుకున్నాం.

ఈసారి కాగితం అర్థం కాలేదని నోరు తెరిచి చెప్పాను. తెలుగు వచ్చిన డైట్ మేడమ్‌ని పిలిపించారు. ఓట్స్ బదులు రాగి, బ్రకోలీ బదులు మునగాకు, తోటకూర ఉడికించి పప్పులో అని రాసిచ్చారు. పెరుగు కాచిన పాలతో ఇంట్లో తోడేసింది, ఏ రోజుది ఆ రోజే అయితే పరవాలేదన్నారు.

అన్నా, గుడ్డు జున్ను చేశాను. మొదటిరోజు సరిగ్గా ఉడకలేదు, పారేసి మళ్ళీ చేశాను. రెండోసారి గిన్నెంతా తిన్నాడు. కిటికీ బయటికి కూడా పోయి చూశాను, అక్కడేం లేదు. క్యాలెండర్ కూడా తగిలించాను. మీరు చెప్పినట్టే నోరు మానిన నాలుగో రోజున ఆకలి అన్నాడు. కొరమీను తెచ్చి, చింతపండు సగానికి తగ్గించి, మామిడికాయ వెయ్యకుండా పులుసు పెట్టాను. రెండు ముక్కలు, మూడు పిడికిళ్ళ అన్నం. ఇంకా పులుపు వెయ్యమని నన్ను కోప్పడ్డాడు.

బరువు 17 కిలోల 800 గ్రాములు. జబ్బ 15.2 సెంటీమీటర్లు, అంగన్‌వాడీ అక్క కొలిచింది, గోడ మీద రాశాను. అత్తమ్మ రొట్టె పట్టుకోవడానికి తానొక్కతే వెళ్తానంది. వచ్చే గురువారం రెండో డోసుకి చేరాలి. ఈసారి నోరు పుయ్యకముందే పుక్కిలింతలు మొదలుపెట్టొచ్చా, ఎక్కించే రోజు నుంచేనా? నర్సమ్మా, చూస్తే చెప్పండి. అక్కడికెళ్ళాక డాక్టర్ గారిని కూడా అడుగుతాను.


పిల్లల వార్డు నర్సు (నెల్లూరు)

మొదలుపెట్టండమ్మా, చేరిన రోజు నుంచే. రోజుకి నాలుగు సార్లు, పడుకునే ముందు ఒకసారి తప్పకుండా. పుక్కిలించే నీళ్ళు మింగకూడదని బాబుకి చెప్పండి. పోయినసారి నోరు ఎన్నో రోజున పూసింది, ఎన్నాళ్ళుంది, బరువు ఎంత తగ్గింది, ఈ మూడూ కాగితం మీద రాసుకుని డోసు మొదలవకముందే డాక్టర్‌కి ఇవ్వండి. మీ క్యాలెండర్ ఫోటో తీసుకెళ్ళినా చాలు.


బుచ్చి అమ్మ (బుచ్చిరెడ్డిపాలెం)

ఇప్పుడే ఫోటో తీశాను. గురువారం అయ్యాక రాస్తాను.